పరమాణు గాథ – 11: రహస్యం పాఠమైన వేళ

గత సంచికలో మనం 1946 ఆగస్టు 1 దగ్గర ఆగాం. ఆ రోజు అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ అణుశక్తి చట్టం మీద సంతకం చేశారు. మెక్‌మహన్ చట్టంగా పేరుపడ్డ ఆ శాసనం అణువిజ్ఞానాన్ని ప్రభుత్వ రహస్యంగా మార్చేసింది. దేశానికి హాని తలపెట్టి ఆ రహస్యాన్ని బయటికి చేరవేసినవారికి మరణదండన దాకా విధించే వీలు అందులో ఉంది. బాంబు తయారీలో అమెరికన్లతో భుజం కలిపి పనిచేసిన బ్రిటిష్ శాస్త్రవేత్తలకు కూడా మినహాయింపు దొరకలేదు.

అదే దేశం తొమ్మిదేళ్లు తిరక్కుండా విదేశీ యువకులను పిలిపించి, రియాక్టర్‌ను ఎలా కట్టాలో, ఎలా నడపాలో తరగతి గదిలో కూర్చోబెట్టి చెప్పింది. ఈ మార్పు ఎందుకు వచ్చింది, ఆ బడికి ఎవరు వెళ్లారు, మన దేశం ఆ చదువును ఏం చేసుకుంది, 1974లో తలుపులు మళ్లీ మూతపడ్డప్పుడు ఏం మిగిలింది అన్నది ఈ భాగం. రియాక్టర్ల చరిత్రలు చాలా వచ్చాయి. వాటిని నడిపే మనుషులు ఎలా తయారయ్యారన్న చరిత్ర వాటికంటే ముఖ్యమైనదని నా నమ్మకం. అందుకే ఈ భాగంలో యంత్రాలకంటే బడులే ఎక్కువగా కనిపిస్తాయి.

కథ చట్టానికి ముందునుంచి మొదలుపెట్టాలి. ఆ రోజుల్లో అణు భౌతికశాస్త్రం నేర్చుకోవడానికి ఒప్పందాలు, ఉభయ ప్రభుత్వాల సంతకాలు అక్కరలేదు. గురువు తలుపు తట్టి, తన పనితో ఆయనను మెప్పిస్తే చాలు. అలా తలుపులు తట్టిన తెలుగువాడు ఒకరున్నారు.

పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్లి యోగసాధనలో ఏళ్లు గడిపారు. స్వామి జ్ఞానానంద అయ్యారు. 1920ల చివర జర్మనీ చేరి యోగం మీద ఉపన్యాసాలిస్తూనే గణిత, భౌతికశాస్త్రాల చదువుకు కూర్చున్నారు. అప్పటికి ఆయనకు ముప్పై దాటాయి. ఆ వయసులో, ఆ వేషంలో, మళ్లీ విద్యార్థి కావడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో! ప్రేగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రే వర్ణపటాల మీద పరిశోధించి 1936లో డాక్టరేట్ అందుకున్నారు. అక్కడినుంచి లివర్‌పూల్. న్యూట్రాన్‌ను కనిపెట్టిన జేమ్స్ చాడ్విక్ అప్పుడు అక్కడ ఆచార్యులు. ఆయన దగ్గర స్వామిజీ బీటా కిరణాల శక్తిని కొలిచే పని చేశారు. రేడియోధార్మిక కేంద్రకం వదిలే ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రంలో వంచి, ఏది ఎంత వంగిందో చూసి దాని శక్తిని లెక్కగట్టే పని అది. గాలి అణువు ఒక్కటి అడ్డుపడ్డా లెక్క చెడుతుంది కాబట్టి పరికరంలో శూన్యం అత్యంత శుద్ధంగా ఉండాలి. ఆ శూన్యాన్ని సాధించే విద్య మీద ఆయన ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకం 1947లో అమెరికాలో అచ్చయింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం పరిశోధించి, స్వదేశం వచ్చి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. 1950ల నడుమ ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులు వి.ఎస్. కృష్ణ పిలుపుమీద విశాఖపట్నం వచ్చి అక్కడ న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను నిలబెట్టారు. ఆ ప్రయోగశాలలకు ఇప్పటికీ ఆయన పేరే.

ఇక్కడ గమనించాల్సింది కాలాన్ని. ఆయన లివర్‌పూల్‌లో ఉన్నప్పుడు యురేనియం కేంద్రకం చీలుతుందన్న సంగతే కొత్త లేదా ఇంకా తెలియదు. కొన్నేళ్లకే చాడ్విక్ బాంబు ప్రాజెక్టులో బ్రిటిష్ బృందానికి నాయకుడై అమెరికా వెళ్లిపోయారు. అప్పటిదాకా ఎవరు అడిగితే వారికి చెప్పిన విద్య ఒక్కసారిగా సైనిక రహస్యమైంది. స్వామిజీ లాంటి ఒంటరి బాటసారికి ఇక ఆ దారి లేదు.

*

1953 డిసెంబర్ 8న ఐక్యరాజ్యసమితి సాధారణసభలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ చేసిన ప్రసంగంతో గాలి మళ్లింది. అణుశక్తిని శాంతికి వినియోగిద్దామని, అందుకు ఒక అంతర్జాతీయ సంస్థను నెలకొల్పుదామని ఆయన ప్రతిపాదించారు. దీన్ని ఒట్టి ప్రచారమని కొట్టిపారేసేవారున్నారు. కేవలం ఔదార్యమని మెచ్చుకునేవారూ ఉన్నారు. రెండూ సగం సత్యాలే. సోవియట్ యూనియన్ అప్పటికే హైడ్రోజన్ ఆయుధ పరీక్ష చేసింది. బ్రిటన్ తన బాంబు తాను చేసుకుంది. రహస్యం దాచినా దాగలేదని తేలిపోయింది. దాగని రహస్యానికి కాపలా కాయడంకంటే దాన్ని పంచి, పంచినందుకు మిత్రులను, రేపటి రియాక్టర్ల మార్కెట్‌ను సంపాదించుకోవడం మేలని వాషింగ్టన్ లెక్కవేసింది. దానితోపాటు హిరోషిమా బరువు మోస్తున్న శాస్త్రవేత్తల్లో ఈ విద్యతో ఏదైనా మంచి జరగాలన్న తపన నిజంగానే ఉంది. 1954 ఆగస్టులో చట్టం సవరించారు. 1955 మార్చిలో చికాగో నగరం వెలుపల ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో అంతర్జాతీయ అణు విజ్ఞాన, ఇంజినీరింగ్ పాఠశాల తెరుచుకుంది.

చోటు ఎంపిక యాదృచ్ఛికం కాదు. 1942 డిసెంబర్ 2న ఎన్రికో ఫెర్మీ బృందం చికాగోలో తొలి శృంఖల చర్యను నడిపిన పరంపరకు వారసురాలు ఆర్గాన్. తొలి తరగతిలో నలభై మంది దాకా కూర్చున్నారు. ఎక్కువమంది విదేశీయులే. ఇరవై దాకా దేశాల నుంచి వచ్చారు. తరువాతి బృందాలు ముందు పెన్సిల్వేనియా స్టేట్, నార్త్ కరోలినా స్టేట్ విద్యాసంస్థల్లో ప్రాథమిక పాఠాలు చదివి ఆర్గాన్‌కు వచ్చే ఏర్పాటు చేశారు. నార్త్ కరోలినాను ఎంచుకోవడానికి గట్టి కారణముంది. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కట్టిన తొలి రియాక్టర్ 1953లో అక్కడే మొదలైంది.

ఏం చెప్పేవారక్కడ? న్యూట్రాన్ల గతి, ఉష్ణ ప్రసరణ, యురేనియం లోహశాస్త్రం, వికిరణం నుంచి ఒంటిని కాపాడుకునే పద్ధతులు. వీటిలో చాలా భాగం నిన్నటిదాకా రహస్య ముద్ర పడిన కాగితాల్లో ఉన్నదే. అయితే కాగితం చదివితే రాని విద్య ఇందులో ఉంది. ఉదాహరణకు ఒక్కటి చెబుతాను. యురేనియం కేంద్రకం చీలినప్పుడు వెలువడే న్యూట్రాన్లలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా తక్షణమే వస్తాయి. 0.65 శాతం మాత్రం చీలిన ముక్కల్లో నుంచి కొన్ని క్షణాల తరువాత, ఒక్కోసారి నిమిషం దాకా ఆగి, నెమ్మదిగా వస్తాయి. ఆ కొద్దిపాటి ఆలస్యమే రియాక్టర్‌ను మనిషి అదుపులో ఉంచుతోంది. అవే లేకపోతే శక్తి క్షణంలో వేలరెట్లు పెరిగిపోతుంది, నియంత్రణ కడ్డీని దించే వ్యవధి ఏ చేతికీ ఉండదు. సమీకరణంలో ఈ సంగతి ఎవరైనా చదవవచ్చు. కానీ కడ్డీని అంగుళం పైకి తీసి, మీటరు ముల్లు ఎంత తాపీగా లేస్తుందో, ఎక్కడ ఆపకపోతే ఇక ఆగదో కళ్లారా చూసినవాడి జాగ్రత్త వేరు. అందుకే ఆర్గాన్‌వారు విద్యార్థులు చేత్తో నడిపి నేర్చుకోవడానికని ఆర్గోనాట్ అనే చిన్న రియాక్టర్‌ను ప్రత్యేకంగా రూపొందించి 1957లో నడిపించారు. ఆ నమూనా ఎన్నో దేశాలకు పాకింది. అర్జెంటీనా అయితే దాన్ని కొనుక్కోకుండా, అదే నమూనాలో తన ఇంజినీర్ల చేతనే కట్టించుకుని 1958 జనవరిలో తన తొలి రియాక్టర్ నడిపింది. అదే అర్జెంటీనా ఆ తరువాతి దశాబ్దాల్లో పెరూకు, ఆస్ట్రేలియాకు రియాక్టర్లు కట్టి ఇచ్చింది. నేర్చుకోవడానికి, కొనుక్కోవడానికి ఉన్న తేడా ఈ ఒక్క దేశం చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆర్గాన్ విద్యార్థుల్లో మునీర్ అహ్మద్ ఖాన్ అనే పాకిస్తానీ యువ ఇంజినీర్ కూడా ఉన్నారు. ఈ పేరును గుర్తుపెట్టుకోండి. 1972 నుంచి 1991 దాకా పాకిస్తాన్ అణుశక్తి కమిషన్‌ను నడిపింది ఆయనే.

అమెరికా ఒక్కటే బడి పెట్టలేదు. బ్రిటన్ హార్వెల్‌లో 1951లోనే ఐసోటోపుల పాఠశాలను, 1954లో రియాక్టర్ పాఠశాలను తెరిచింది. ఫ్రాన్స్ 1956లో సాక్లేలో తన విద్యాసంస్థను మొదలుపెట్టింది. అదే ఏడాది మార్చిలో మాస్కోకు ఉత్తరాన ఓల్గా ఒడ్డున దుబ్నాలో సోషలిస్టు దేశాలు పదకొండు కలిసి సంయుక్త అణు పరిశోధన సంస్థను స్థాపించాయి. అక్కడ ఉపసంచాలకుడిగా పనిచేసిన చైనా శాస్త్రవేత్త వాంగ్ గాన్‌చాంగ్ బృందం ఒక కొత్త ప్రతికణాన్ని కనిపెట్టి ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది. 1960లో సోవియట్ నిపుణులు చైనాను వదిలి వెళ్లిపోయాక, వాంగ్ స్వదేశంలో బాంబు పనిలోకి దిగి ఏళ్లపాటు మారుపేరుతో బతికారు. శాంతి పాఠానికి, యుద్ధ పాఠానికి మధ్య గీత గీయడం ఎంత కష్టమో రెండు శిబిరాలూ తమ తమ బడుల్లోనే తెలుసుకున్నాయి.

*

1955 ఆగస్టు 8న జెనీవాలో తొలి అంతర్జాతీయ అణుశక్తి శాంతియుత వినియోగ సదస్సు మొదలైంది. 73 దేశాల నుంచి 1,400 మందికి పైగా ప్రతినిధులు వచ్చారు. అధ్యక్షపీఠం మీద మన అణు కార్యక్రమానికి సారథి హోమీ జహంగీర్ భాభా. నలభై ఐదేళ్లు నిండి ఏడాది కాలేదు. అప్పటికి మన దేశంలో రియాక్టర్ ఒక్కటీ లేదు.

సదస్సు జరిగిన భవనం తోటలో అమెరికన్లు నడుస్తున్న రియాక్టర్‌నే నిలబెట్టారు. ఓక్‌రిడ్జ్ నుంచి విమానంలో తెచ్చి నీటి తొట్టిలో దించిన రియాక్టర్ అది. నీటి అడుగున నీలి వెలుగు కనిపిస్తుంటే జనం బారులు తీరి చూశారు. సదస్సు ముగిశాక దాన్ని స్విట్జర్లాండ్ కొనుక్కుంది. లోపలి గదుల్లో జరిగింది ఇంతకంటే పెద్ద సంగతి. పదేళ్లుగా ఒకరికొకరు తెలియకుండా అమెరికా, సోవియట్, బ్రిటన్, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కొలిచిన అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే అవి ఒకదానితో ఒకటి సరిపోయాయి. ప్రకృతిని ఎక్కడ కొలిచినా అదే జవాబు చెప్పింది. వాడిన ఇంధనం నుంచి ప్లుటోనియం విడదీసే రసాయన పద్ధతి కూడా అక్కడే బహిరంగమైంది. ఈ చివరి వాక్యానికి పందొమ్మిదేళ్ల తరువాత ఏ అర్థం వచ్చిందో కాసేపట్లో చూస్తాం.

భాభా ఆ పీఠం మీద కూర్చోవడానికి కారణం ఆయన ప్రతిభ ఒక్కటే కాదు, ఆయన చదివిన చోటు కూడా. 1930లలో కేంబ్రిడ్జిలో భాభాతోపాటు తిరిగిన జాన్ కాక్‌క్రాఫ్ట్ ఇప్పుడు బ్రిటిష్ అణు ప్రయోగశాల హార్వెల్‌కు అధిపతి. అదే కేంబ్రిడ్జిలో పరిచయమైన బెన్నెట్ లూయిస్ కెనడా చాక్ రివర్ ప్రయోగశాలకు పెద్దదిక్కు. ప్రభుత్వాల మధ్య ఒప్పందాలు రాసుకున్నది 1955–56లోనే అయినా, వాటి వెనుక నమ్మకం ఇరవై ఏళ్ల కిందట ఒకే ప్రయోగశాలల చుట్టూ తిరిగిన స్నేహంలో పుట్టింది. మన తొలి రియాక్టర్ అప్సరకు ఇంధనం బ్రిటన్ ఇచ్చింది. రెండో రియాక్టర్ సైరస్‌ను కొలంబో పథకం కింద కెనడా ఇచ్చింది, దానికి కావలసిన భారజలం అమెరికా ఇచ్చింది.

అప్సరను మాత్రం మనవాళ్లే కట్టారు. 1956 ఆగస్టు 4 మధ్యాహ్నం ముంబయి దగ్గరి ట్రాంబేలో అది క్రిటికల్ అయింది, అంటే దానిలో శృంఖల చర్య తనంతట తానే సాగడం మొదలైంది. సోవియట్ యూనియన్‌ను మినహాయిస్తే ఆసియాలో నడిచిన తొలి రియాక్టర్ అదే. దాని నియంత్రణ వ్యవస్థను, న్యూట్రాన్లను లెక్కపెట్టే ఎలక్ట్రానిక్ పరికరాలను తయారుచేసిన బృందానికి నాయకులు అయ్యగారి సాంబశివరావు. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకుని భాభా దగ్గర చేరారు. మోగల్లు, గొరగనమూడి రెండూ నేటి పాలకోడేరు మండలంలోవే. ఒకే మండలంలోని రెండు పల్లెలు దేశ అణు చరిత్రకు ఇద్దరిని ఇచ్చిన సంగతి మన బడి పుస్తకాల్లో ఉండాల్సింది. పరికరాలు బయటినుంచి కొనుక్కుంటూ పోతే ఈ విద్య మనది కాదన్నది సాంబశివరావుగారి పట్టుదల. అదే 1967లో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ పరికరాల తయారీ సంస్థ ఈసీఐఎల్ అయింది. ఏఎస్ రావు నగర్ అని రోజూ పలికే హైదరాబాదీల్లో ఎందరికి ఆ ఏఎస్ రావు ఈయనేనని తెలుసో!

సైరస్ 40 మెగావాట్ల రియాక్టర్. కెనడాలోని ఎన్‌ఆర్‌ఎక్స్ దానికి మాతృక. మన ఇంజినీర్లు చాక్ రివర్ వెళ్లి ఆ మాతృక దగ్గరే పని నేర్చుకున్నారు. మంచి గురువుకు తగిలిన గాయం శిష్యుడికి ఉపయోగపడుతుందనడానికి చాక్ రివర్ ఉదాహరణ. 1952 డిసెంబర్ 12న ఎన్‌ఆర్‌ఎక్స్‌లో నియంత్రణ కడ్డీలు సరిగా దిగక, ఆపరేటర్ల మధ్య మాట తేడా వచ్చి, ఇంధనం దెబ్బతింది. ప్రపంచంలో అది తొలి పెద్ద రియాక్టర్ ప్రమాదం. శుభ్రం చేయడానికి వచ్చిన అమెరికా నౌకాదళ బృందంలో తరువాతి కాలపు అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఉన్నారు. కెనడావారు జరిగినదాన్ని దాచలేదు. విప్పి, కడిగి, మళ్లీ కట్టి, 1954లో తిరిగి నడిపారు. మనవాళ్లు వెళ్లేసరికి అక్కడి మనుషులు ఆ ప్రమాదాన్ని స్వయంగా చూసి, దాన్ని దాటివచ్చినవాళ్లు.

రియాక్టర్ నడపడమే కాక దానితో సైన్సు చేయడం కూడా అక్కడే వచ్చింది. మన భౌతిక శాస్త్రవేత్త పి.కె. అయ్యంగార్ 1956 నుంచి 1958 దాకా చాక్ రివర్‌లో బెర్ట్రామ్ బ్రాక్‌హౌస్ దగ్గర పనిచేశారు. స్ఫటికాల్లో పరమాణువులు ఎలా కదులుతున్నాయో న్యూట్రాన్లను తాకించి చూసే విద్య అది. బ్రాక్‌హౌస్‌కు దానికే 1994లో నోబెల్ వచ్చింది. అయ్యంగార్ తిరిగివచ్చి ట్రాంబేలో ఆ విద్యకు ఒక శాఖనే పెంచారు. దాని ఫలితం మనీలాలో కనిపించింది. అక్కడికి కూడా వెళ్దాం, అంతకుముందు ఒక బడి సంగతి చెప్పాలి.

*

1944 మార్చిలో, హిరోషిమాకు ఏడాదిన్నర ముందు, భాభా దోరాబ్జీ టాటా ట్రస్టుకు ఒక లేఖ రాశారు. ఇరవై ఏళ్లలో అణుశక్తి విద్యుత్తుకు అక్కరకు వచ్చేనాటికి నిపుణుల కోసం దేశం బయటికి చూడాల్సిన అవసరం ఉండకూడదు, వారు చేతికి అందుబాటులో సిద్ధంగా ఉండాలి అన్నది ఆ లేఖ సారాంశం. లేఖలో అడిగింది ఒక పరిశోధన సంస్థ. దానికి మించిన జవాబు 1957లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో ట్రాంబే అణుశక్తి సంస్థ తన శిక్షణాలయాన్ని ప్రారంభించింది. దాన్ని నిలబెట్టే బాధ్యత భాభా భౌతిక శాస్త్రవేత్త రాజా రామన్నకు అప్పగించారు.

సమస్య ఏమిటంటే, అప్పుడు మన విశ్వవిద్యాలయాల్లో అణు ఇంజినీరింగ్ అనే కోర్సే లేదు. విదేశాలకు పంపుదామంటే ఏటా పదిమంది, ఇరవైమంది. కావలసింది వందల్లో. ఉన్న ఆచార్యులను విశ్వవిద్యాలయాల నుంచి లాక్కొస్తే అక్కడ చదువు చెప్పేవారు మిగలరు. భాభా మరో దారి ఎంచుకున్నారు. దేశమంతటి నుంచి సైన్సు, ఇంజినీరింగ్ పట్టభద్రులను తాజాగా ఎంపికచేసి ఒక ఏడాదిపాటు జీతంతో చదివించడం. భౌతికశాస్త్రం చదివినవాడు ఇంజినీరింగ్ నేర్వాలి, మెకానికల్ ఇంజినీర్ న్యూట్రాన్ లెక్కలు చేయాలి, రసాయన శాస్త్రవేత్త వికిరణ భద్రత తెలుసుకోవాలి. ఏడాది చివర ఎవరికి ఎంత వచ్చిందో చూసి, ఎవరు ఏ పనికి తగినవారో అక్కడే నిర్ణయించి ఉద్యోగంలోకి తీసుకోవడం. పాఠాలు చెప్పేది ప్రత్యేకంగా నియమించిన పంతుళ్లు కాదు, పొద్దున ప్రయోగశాలలో పనిచేసే శాస్త్రవేత్తలే. ఆర్గాన్, హార్వెల్, చాక్ రివర్‌లలో తాము నేర్చుకున్నదాన్ని వాళ్లు తరగతిలో వందలమందికి పంచారు.

నారుమడి లేకుండా నాట్లు సాగవని మన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. భాభా చేసింది ఆ పనే. విదేశాల్లో దొరికిన గుప్పెడు విత్తనాలను నేరుగా పొలంలో చల్లలేదు, ముందు నారు పోశారు. భాభా చేసిన పనులన్నిటిలోకీ గొప్పది ఏది అని అడిగితే, నేను అప్సర అననూ, సైరస్ అననూ. ఈ శిక్షణాలయమే అంటాను. తరువాతి కాలంలో అణుశక్తి కమిషన్ అధ్యక్షులైన అనిల్ కాకోద్కర్, శ్రీకుమార్ బెనర్జీ, ఆర్.కె. సిన్హా ముగ్గురూ ఈ బడిలో చదివి వచ్చినవారే. దాని శాఖల్లో ఒకటి ఇప్పుడు మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఉంది.

ఇంకో సంగతి. ఈ బడి ఉన్నా విదేశీ శిక్షణ ఆగలేదు, పెరిగింది కూడా. 1955 నుంచి 1974 దాకా అమెరికా అణు సంస్థల్లో శిక్షణ, పరిశోధన చేసిన భారతీయులు వెయ్యికి మించారు. అయితే ఇంట్లో పునాది వేసుకుని వెళ్లినవాడు అక్కడ అడగాల్సిన ప్రశ్నలతో వెళ్తాడు. ఆ తేడా తిరిగొచ్చాక పనిలో తెలుస్తుంది.

*

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1957 జూలై 29న చట్టబద్ధంగా పుట్టి వియన్నాలో కొలువు తీరింది. దాని తనిఖీల గురించే మనం ఎక్కువగా వింటాం. తొలి ఏళ్లలో దాని పనిలో పెద్ద వాటా చదువుదే. ఏటా వందలమంది యువకులకు ఫెలోషిప్‌లు ఇచ్చి దేశం నుంచి దేశానికి పంపింది. అమెరికా కానుకగా ఇచ్చిన రెండు సంచార ఐసోటోప్ ప్రయోగశాలలు పెద్ద వాహనాల మీద ఆసియా, లాటిన్ అమెరికా దేశాలు తిరిగాయి. వైద్యులకు, వ్యవసాయ శాస్త్రవేత్తలకు రేడియోధార్మిక పదార్థాలను జాగ్రత్తగా వాడడం వాటిలోనే నేర్పారు. 1964లో ఇటలీలోని ట్రియెస్టెలో పాకిస్తాన్ భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలామ్ ఒత్తిడిమీద సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం తెరుచుకున్నది కూడా ఈ సంస్థ నీడనే. పేద దేశపు శాస్త్రవేత్త చదువు కోసం స్వదేశాన్ని శాశ్వతంగా వదలాల్సిన దుస్థితి పోవాలన్నది సలామ్ ఆశయం. ఏడాదిలో కొన్ని నెలలు ట్రియెస్టెలో ఉండి మళ్లీ సొంత ఊరికి వెళ్లే పద్ధతిని ఆయన పెట్టారు. ఆ ఏర్పాటు వేలమందికి మేలు చేసింది.

ఇక మనీలా. 1963లో ఫిలిప్పీన్స్‌లో అమెరికా సాయంతో ఒక పరిశోధన రియాక్టర్ మొదలైంది. యంత్రం ఉంది, దానితో పరిశోధన చేసే పరికరాలు, అనుభవం ఉన్నవారు లేరు. 1964లో భారత్, ఫిలిప్పీన్స్, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మూడూ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. ట్రాంబేలో తయారైన న్యూట్రాన్ స్పెక్ట్రోమీటర్ మనీలా వెళ్లింది. వెంట మన శాస్త్రవేత్తలు వెళ్లారు. ఆసియాలోని ఇతర దేశాల యువకులు అక్కడికి వచ్చి నేర్చుకున్నారు. చాక్ రివర్‌లో అయ్యంగార్ నేర్చిన విద్య ఎనిమిదేళ్లలో ట్రాంబే మీదుగా మనీలా చేరింది. ఈ చిన్న ప్రయత్నమే 1972లో ఆసియా, పసిఫిక్ దేశాల ప్రాంతీయ సహకార ఒప్పందానికి దారితీసింది. అది ఇప్పటికీ నడుస్తోంది. మన చరిత్రకారులు పోఖ్రాన్ గురించి రాసినంతలో నూరో వంతు కూడా మనీలా గురించి రాయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1966 జనవరి 24న భాభా ప్రయాణిస్తున్న ఎయిర్ ఇండియా విమానం ఆల్ప్స్ పర్వతాల్లో మాంట్ బ్లాంక్‌ను ఢీకొంది. ఆయన వెళ్తున్నది వియన్నాకే, అణుశక్తి సంస్థ శాస్త్రీయ సలహా సంఘం సమావేశానికి. విమానంలో ఉన్నవారెవరూ బతకలేదు.

*

1974 మే 18. రాజస్థాన్ ఎడారిలో పోఖ్రాన్. శాంతియుత అణు విస్ఫోటం అని మన ప్రభుత్వం ప్రకటించింది. అందులో వాడిన ప్లుటోనియం సైరస్‌లో పుట్టింది. 1964లో ట్రాంబేలో మొదలైన కర్మాగారంలో దాన్ని విడదీశారు. ఆ విడదీసే రసాయనం జెనీవా సదస్సులో బహిరంగమైనదే.

కెనడా మండిపడింది. 1971లోనే ప్రధాని పియర్ ట్రూడో ఇందిరాగాంధీకి లేఖ రాసి, కెనడా ఇచ్చినదాన్ని విస్ఫోటానికి వాడితే సహకారం గురించి పునరాలోచిస్తామని హెచ్చరించి ఉన్నారు. సైరస్ ఒప్పందంలో శాంతియుత వినియోగానికే అన్న మాట ఉంది. విస్ఫోటం కూడా శాంతియుతమేనని మన వాదన. ఆ రోజుల్లో అమెరికా, సోవియట్ యూనియన్ కూడా కాలువలు తవ్వడానికి అణు విస్ఫోటాల గురించి మాట్లాడుతున్నాయి కాబట్టి, మన వాదన పూర్తిగా కల్పితం కాదు. అయినా, ఇరవై ఏళ్లు ఇంటికి పిలిచి నేర్పిన చాక్ రివర్ గురువుల మనసు నొచ్చుకోవడం న్యాయమేనని నేననుకుంటాను. దేశభక్తి పేరుతో ఆ నొప్పిని తేలికచేయడం మనకు తగదు.

రోజుల వ్యవధిలోనే కెనడా సహకారాన్ని ఆపింది, 1976లో పూర్తిగా తెంచుకుంది. అణు సామగ్రి అమ్మే దేశాలు ఒక కూటమి కట్టాయి. రాజస్థాన్‌లో రావత్‌భాటా దగ్గర కెనడా సాయంతో కడుతున్న రెండో విద్యుత్ రియాక్టర్ సగంలో ఆగింది. విడిభాగాలు రావు, నక్షాలు రావు, సలహా చెప్పేవారు రారు.

తమిళనాడులోని కల్పాక్కంలో పరిస్థితి ఇంకా ఆసక్తికరం. ప్లుటోనియం ఇంధనంతో, కరిగిన సోడియం శీతలకంగా నడిచే ప్రయోగాత్మక ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ కోసం ఫ్రాన్స్‌తో 1969లో ఒప్పందం కుదిరింది. మన ఇంజినీర్ల బృందం ఒకటి దక్షిణ ఫ్రాన్స్‌లోని కదరాష్ వెళ్లి, అక్కడి రాప్సోడీ రియాక్టర్ దగ్గర పనిచేసి వచ్చింది. గాలి తగిలితే మండే, నీరు తగిలితే పేలే సోడియంను గొట్టాల్లో వందల డిగ్రీల వేడిలో తిప్పడం ఎలాగో పుస్తకం చదివితే తెలిసేది కాదు. 1974 తరువాత ఫ్రాన్స్ కావలసిన ఎన్‌రిచ్డ్ యురేనియం ఇవ్వలేనంది. అప్పుడు కల్పాక్కం, ట్రాంబే కలిసి ప్లుటోనియం, యురేనియంల మిశ్రమ కార్బైడ్‌ను ఇంధనంగా ఎంచుకున్నాయి. గాలి సోకితే పాడైపోయే ఆ పదార్థాన్ని పూర్తిగా మూసిన గాజు పెట్టెల్లో, జడవాయువు నడుమ తయారుచేశారు. రియాక్టర్‌ను పూర్తిగా దానితోనే నడిపిన దేశం అప్పటికి మరొకటి లేదు. 1985 అక్టోబర్‌లో అది క్రిటికల్ అయింది. ఆగిపోయిన రావత్‌భాటా రెండో రియాక్టర్‌ను అంతకు ముందే, 1980లో, మన ఇంజినీర్లు క్రిటికల్ చేశారు. ఏళ్ల ఆలస్యంతో, ఎన్నో తంటాలతో, ఎక్కువ ఖర్చుతో. ఆ ఆలస్యానికి దేశం విద్యుత్తు రూపంలో మూల్యం చెల్లించిందన్న మాట కూడా చెప్పాలి. కానీ ఆ పనికి కావలసిన మనుషుల కోసం అప్పుడు ఎక్కడా వెతకాల్సిన పని రాలేదు. వారిలో ఎందరో ట్రాంబే బడి నుంచి వచ్చినవారే.

అదే 1974 తరువాత మన పొరుగున పాకిస్తాన్‌లో, ఆర్గాన్‌లో చదివిన మునీర్ ఖాన్ కూడా ఇలాగే తన దేశపు మనుషులతోనే అణు కార్యక్రమాన్ని నడిపే పనిలో ఉన్నారు.

వచ్చే సంచికలో: 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున చెర్నోబిల్ నాలుగో రియాక్టర్ కంట్రోల్ రూమ్‌లో ఉన్నవారికి తమ యంత్రం గురించి ఏం నేర్పారు, ఏం నేర్పలేదు, ఆ ప్రమాదం తరువాత తూర్పు, పడమర దేశాల ఆపరేటర్లు 1989లో మాస్కోలో ఒకే బల్ల చుట్టూ ఎలా కూర్చున్నారు.